పొట్ట రాకుండా కండ పెంచడం: తిండి లెక్క, బరువుల లెక్క

కండ పెంచుదామని మొదలుపెట్టి పొట్ట పెంచుకునేవాళ్లే ఎక్కువ. తప్పు జిమ్‌లో కంటే కంచం దగ్గరే ఎక్కువ జరుగుతుంది. ముందు బాగా తిని బరువెక్కుదాం, కొవ్వు సంగతి తర్వాత చూసుకుందాం అనుకుని నాలుగు నెలల్లో పది కిలోలు ఎక్కేస్తారు. అందులో కండ రెండు మూడు కిలోలుంటే గొప్ప. మిగతాది దించుకోవడానికి ఇంకో నాలుగైదు నెలలు కడుపు మాడ్చుకోవాలి. ఆ మాడ్చుకోవడంలో, కష్టపడి తెచ్చుకున్న కండలో కూడా కొంత పోయే ప్రమాదం ఉంది.

కండ పెరగడానికి ఒక వేగం ఉంది, తిండి ఎంత పెంచినా ఆ వేగం దాటదు. 2013లో వెలువడిన ఒక నార్వే పరిశోధనలో మేటి క్రీడాకారుల్ని రెండు బృందాలు చేశారు. ఒక బృందానికి లెక్కగట్టి తిండి పెంచారు, రెండో బృందాన్ని తమకు తోచినట్టు తినమన్నారు. 8 నుంచి 12 వారాల తర్వాత చూస్తే కండ పెరుగుదలలో చెప్పుకోదగ్గ తేడా లేదు. కొవ్వు మాత్రం ఎక్కువ తిన్నవాళ్లకే బాగా పెరిగింది.

మామూలు లెక్కతో చూసినా అంతే. కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలుంటాయి. ఒంటికి కావలసినదానికంటే రోజూ 1,000 కేలరీలు ఎక్కువ తింటే నెలకి 30,000, అంటే దాదాపు నాలుగు కిలోల కొవ్వుకి సరిపడా సరుకు. కొత్తగా బరువులెత్తేవాళ్లకి కూడా నెలలో కిలో కండ పడితే అది చాలా మంచి నెల. మిగిలిన సరుకు ఎక్కడికి చేరుతుందో ప్యాంటు బొత్తాం చెబుతుంది. అందుకే ఈ పద్ధతి మొత్తం ఒక్క పని చుట్టూ తిరుగుతుంది: తిండిని కండ పెరిగే వేగానికి కట్టిపడేయడం.

ముందు టేపు తీయండి

ఎక్కువ తినడం మొదలుపెట్టేముందు, అసలు ఇప్పుడు తినాల్సిన దశలో ఉన్నారా లేదా చూసుకోవాలి. పొద్దున్నే ఖాళీ కడుపుతో, బొడ్డు మీదుగా, పొట్ట లోపలికి లాక్కోకుండా, మామూలుగా ఊపిరి వదిలాక టేపుతో కొలవండి. నడుము కొలత మీ ఎత్తులో సగం దాటితే, అంటే 172 సెంటీమీటర్ల మనిషికి 86 దాటితే, ఇప్పుడు తిండి పెంచాల్సిన పని లేదు. ఒంట్లో నిల్వ ఉన్న కొవ్వే కండకి కావలసిన శక్తిలో కొంత ఇవ్వగలదు. అలాంటివాళ్లు కావలసినదానికంటే రోజుకి 300 కేలరీలు తక్కువ తింటూ, ప్రోటీన్ కిలో బరువుకి 2 గ్రాముల దగ్గర ఉంచి, కింద చెప్పిన వ్యాయామమే చేస్తే కొవ్వు తగ్గుతూ కండ పెరుగుతుంది. ఇది ముఖ్యంగా పనిచేసేది ముగ్గురికి: కొత్తగా మొదలుపెట్టినవాళ్లకి, మధ్యలో చాలాకాలం మానేసి తిరిగొచ్చినవాళ్లకి, కొవ్వు బాగా ఉన్నవాళ్లకి. నాలుగేళ్లుగా ఆపకుండా బరువులెత్తుతున్న సన్నటి మనిషికి ఈ రెండు పనులూ ఒకేసారి జరగడం చాలా కష్టం.

నడుము సగం లోపే ఉంటే తిండి కొద్దిగా పెంచే దారిలో వెళ్లొచ్చు. కిడ్నీ జబ్బు, షుగర్, గుండె సమస్య ఉన్నవాళ్లు మాత్రం ప్రోటీన్ పెంచేముందు, బరువులు పట్టేముందు డాక్టర్‌తో మాట్లాడాల్సిందే.

ఎంత తినాలి

రోజుకి ఎన్ని కేలరీలు ఖర్చవుతాయో అంచనా వేయడానికి 1990 నుంచి వాడుకలో ఉన్న మిఫ్లిన్ సూత్రం చాలు. బరువు కిలోల్లో తీసుకుని 10తో, ఎత్తు సెంటీమీటర్లలో తీసుకుని 6.25తో గుణించి కలపండి. వయసుని 5తో గుణించి అందులోంచి తీసేయండి. చివరగా మగవాళ్లయితే 5 కలపాలి, ఆడవాళ్లయితే 161 తీసేయాలి. వచ్చిన అంకె, రోజంతా కదలకుండా పడుకున్నా ఒళ్లు ఖర్చుపెట్టే కేలరీలు. కూర్చునే ఉద్యోగం, వారానికి మూడు నాలుగు రోజులు జిమ్ అయితే దాన్ని 1.5తో గుణించండి. నిలబడి తిరిగే పనైతే 1.7 దాకా పోవచ్చు.

70 కిలోలు, 172 సెంటీమీటర్లు, 28 ఏళ్ల మగమనిషికి వేసి చూద్దాం. 700 + 1,075 − 140 + 5 = 1,640. దాన్ని 1.5తో గుణిస్తే 2,460. దీనిమీద 200 కేలరీలు వేస్తే సుమారు 2,650. మొదటి ఏడాదిలో ఉన్నవాళ్లు 200 నుంచి 300 దాకా వేసుకోవచ్చు. రెండు మూడేళ్లు దాటినవాళ్లకి 100 నుంచి 200 చాలు, ఎందుకంటే వాళ్లకి కండ ఇంకా నెమ్మదిగా పెరుగుతుంది.

ఈ 2,650 ఒట్టి అంచనా మాత్రమే. ఒకే ఎత్తు, ఒకే బరువున్న ఇద్దరి అసలు ఖర్చులో కొన్ని వందల కేలరీల తేడా ఉండొచ్చు. అసలు అంకెని మూడు వారాల తర్వాత కాటా చెబుతుంది. అప్పటిదాకా సూత్రం ఇచ్చిన అంకెని పట్టుకుని నడవాలి, రోజుకో మార్పు చేయకూడదు.

ఇక కేలరీలను పంచడం. ప్రోటీన్ విషయంలో 2018లో 49 పరిశోధనల్ని కలిపి చూసిన ఒక విశ్లేషణలో, కిలో బరువుకి రోజుకి సుమారు 1.6 గ్రాములు దాటాక అదనపు లాభం సగటున కనిపించలేదు. మనిషికీ మనిషికీ తేడా ఉంటుంది కాబట్టి 1.6 నుంచి 2.2 మధ్య ఎక్కడున్నా ఫర్వాలేదు. మన 70 కిలోల మనిషికి 1.8 చొప్పున 125 గ్రాములు, అంటే 500 కేలరీలు. కొవ్వు పదార్థాలు కిలోకి 0.8 నుంచి 1 గ్రాము. 65 గ్రాములనుకుంటే 585 కేలరీలు. మిగిలిన 1,565 కేలరీలు పిండి పదార్థాలకి. గ్రాముకి 4 కేలరీలు కాబట్టి 390 గ్రాములు. పిండి పదార్థాలంటే భయపడి వీటిని కోసేసేవాళ్లున్నారు. బరువులెత్తేటప్పుడు కండరాలు ప్రధానంగా వాడుకునేది అందులోంచి తయారై కండరాల్లోనే నిల్వ ఉండే గ్లైకోజెన్ అనే ఇంధనాన్నే. పిండి పదార్థాల్ని కోసేస్తే మూడో సెట్‌కే, అంటే మూడో విడత ఎత్తేసరికే, చేతులెత్తేస్తారు.

ప్రోటీన్‌ని రోజులో నాలుగు సార్లుగా, ఒక్కోసారి 30 గ్రాములకి అటూ ఇటూ పంచుకోండి. వ్యాయామం అయిన అరగంటలో తాగకపోతే అంతా వృథా అన్న మాటలో పసలేదు. జిమ్‌కి ముందో వెనకో రెండు మూడు గంటల్లో ఒక భోజనం ఉంటే చాలు.

దేనిలో ఎంత ఉందో కొన్ని గుర్తుపెట్టుకుంటే రోజూ పుస్తకం తీయనక్కర్లేదు. పెద్ద గుడ్డులో 6 గ్రాముల ప్రోటీన్, 70 కేలరీలు. వండిన కోడి రొమ్ము మాంసం 100 గ్రాముల్లో 31 గ్రాములు, 165 కేలరీలు. పావు లీటరు పాలల్లో 8 గ్రాములు. వండిన పప్పు 100 గ్రాముల్లో సుమారు 9. పాలలోంచి తీసే వే ప్రోటీన్ పొడి ఒక స్కూపులో, అంటే 30 గ్రాముల పొడిలో, 20 నుంచి 25.

శాకాహారులు ఇక్కడ ఒక చిక్కు గమనించాలి. ఎండు పప్పు 100 గ్రాముల్లో 24 గ్రాముల ప్రోటీన్ ఉంటుందన్నమాట నిజమే, కానీ దానితోపాటు 350 కేలరీలు కూడా వస్తాయి. 125 గ్రాములూ పప్పుతోనే తేవాలంటే అర కిలోకి పైగా పప్పు వండాలి, 1,800 కేలరీలు దానికే పోతాయి, కడుపు ఉబ్బరం అదనం. అందుకే పాలు, నీళ్లు వడకట్టిన పెరుగు, టోఫు, సోయా, వే లాంటివి కలుపుకోవాలి. శాకాహారులు 1.8 నుంచి 2 గ్రాముల వైపు ఉంటే మంచిది. మాంసం, గుడ్లు, పాలతో పోలిస్తే పప్పుల ప్రోటీన్‌లో కండ కట్టడాన్ని మొదలుపెట్టించే ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ.

లెక్క ఎక్కడ తప్పుతుంది

రోజూ 2,650 తింటున్నాననుకుంటూ 3,200 తినేవాళ్లు బోలెడంతమంది. అబద్ధం చెప్పరు, కొలవరు, అంతే.

అన్నిటికంటే పెద్ద దొంగ నూనె. ఒక టేబుల్ స్పూను నూనెలో సుమారు 120 కేలరీలు. కంటి అంచనాతో పోసేవాళ్లు స్పూనుకి బదులు రెండున్నర పోస్తారు. వంటకి ముందు నూనె సీసాని వంటింటి కాటా మీద పెట్టి బరువు రాసుకోండి, వంట అయ్యాక మళ్లీ పెట్టండి. 812 గ్రాములున్నది 770 అయిందంటే 42 గ్రాములు పోసినట్టు. గ్రాముకి 9 కేలరీల చొప్పున 378. కష్టపడి లెక్కగట్టుకున్న 200 కేలరీల అదనం మీదికి ఇంకో రెండింతలు, ఒక్క కూరలోనే. వారం రోజులు ఇలా తూస్తే చెయ్యి దానంతటదే అలవాటు పడుతుంది, ఆ తర్వాత కాటా అక్కర్లేదు.

రెండోది పచ్చిదా, వండినదా అన్న గందరగోళం. బియ్యం 100 గ్రాములకి 360 కేలరీలు. అదే వండితే నీళ్లు పీల్చుకుని పావు కిలో దాటుతుంది, అన్నం 100 గ్రాములకి 130 మాత్రమే. అన్నం తూచి బియ్యం లెక్క రాసేవాడు రోజంతా తినకుండానే తిన్నానని అనుకుంటాడు, బరువు పెరగక తల పట్టుకుంటాడు. మాంసం దీనికి ఎదురు: 100 గ్రాముల పచ్చి మాంసం వండితే 70, 75 గ్రాములకి దిగుతుంది. ఏదో ఒక పద్ధతి ఎంచుకుని దాన్నే పట్టుకోండి. పచ్చిదే తూచడం తేలిక.

మూడోది వారాంతం. ఐదు రోజులు 200 చొప్పున 1,000 అదనం. శని, ఆదివారాల్లో 1,200 చొప్పున 2,400. మొత్తం 3,400, అంటే రోజుకి దాదాపు 490. "నేను 200 మాత్రమే ఎక్కువ తింటున్నా" అన్నది సోమవారం నుంచి శుక్రవారం దాకా నిజమే. గింజలు, తీపి పానీయాలు, మద్యం కూడా ఇదే కోవ. వేరుశనగలు గుప్పెడంటే 30 గ్రాములు, 170 కేలరీలు. టీవీ ముందు కూర్చుంటే మూడు గుప్పిళ్లు ఎప్పుడయ్యాయో తెలియదు.

బరువు పెంచుతాయని అమ్మే మాస్ గెయినర్ పొడుల డబ్బాల గురించి ఒక్క మాట. వాటిలో ఎక్కువ భాగం మాల్టోడెక్స్‌ట్రిన్, అంటే చవక పిండి పదార్థం. కొన్నిటిలో ఒక్క మోతాదుకే వెయ్యి కేలరీలు దాటతాయి. పొట్ట రాకుండా పెరగాలనుకునేవాళ్లకి అవి సరిగ్గా పనికిరాని వస్తువు.

జిమ్‌లో ఏం చేయాలి

అదనంగా తిన్న తిండి కండగా మారాలంటే కండరానికి కారణం కావాలి. ఆ కారణం ఒక్కటే: గతంలో మోసినదానికంటే కొంచెం ఎక్కువ మోయాల్సి రావడం. చెమట పట్టడం, మర్నాడు ఒళ్లు నొప్పులు రావడం దీనికి కొలమానాలు కావు. కొత్త వ్యాయామం ఏది చేసినా ఒళ్లు నొస్తుంది.

మొదటి ఏడాదిలో వారానికి మూడు రోజులు, ప్రతిసారీ ఒళ్లంతా కదిలేలా చేస్తే చాలు. రెండు జాబితాలు పెట్టుకుని మార్చి మార్చి చేయాలి. బరువుని ఒకసారి ఎత్తి దించితే ఒక రెప్, ఆగకుండా వరుసగా చేసే రెప్స్ అన్నీ కలిపి ఒక సెట్. మొదటి వారం ఒకటి, రెండు, ఒకటి. తర్వాతి వారం రెండు, ఒకటి, రెండు.

మొదటి జాబితా:
- స్క్వాట్ (బరువులు తగిలించిన కడ్డీ, అంటే బార్, భుజాల మీద పెట్టుకుని గుంజీ తీయడం): 3 సెట్లు, 6 నుంచి 8 రెప్స్
- బెంచ్ ప్రెస్ (బల్ల మీద వెల్లకిలా పడుకుని బార్‌ని ఛాతీ మీదనుంచి పైకి తోయడం): 3 సెట్లు, 6 నుంచి 8
- కేబుల్ రో లేదా డంబెల్ రో (బరువుని ఒంటివైపు లాగడం): 3 సెట్లు, 8 నుంచి 10
- లెగ్ కర్ల్ (మెషిన్ మీద మోకాలు మడవడం): 2 సెట్లు, 10 నుంచి 12
- లాటరల్ రైజ్ (డంబెల్స్‌తో చేతుల్ని పక్కలకి ఎత్తడం): 3 సెట్లు, 12 నుంచి 15

రెండో జాబితా:
- రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ (వీపు నిటారుగా ఉంచి, తుంటి దగ్గర వంగి బార్‌ని దించి ఎత్తడం): 3 సెట్లు, 8 నుంచి 10
- ఓవర్‌హెడ్ ప్రెస్ (భుజాల దగ్గర్నించి తల పైకి తోయడం): 3 సెట్లు, 6 నుంచి 8
- లాట్ పుల్‌డౌన్ (పైనున్న కడ్డీని కిందికి లాగడం) లేదా పుల్ అప్ (కడ్డీకి వేలాడి ఒంటిని పైకి లాగడం): 3 సెట్లు, 8 నుంచి 10
- లెగ్ ప్రెస్ (మెషిన్ మీద కాళ్లతో తోయడం): 2 సెట్లు, 10 నుంచి 12
- ఇంక్లైన్ డంబెల్ ప్రెస్ (ఏటవాలు బల్ల మీద డంబెల్స్‌ని పైకి తోయడం): 2 సెట్లు, 8 నుంచి 12
- బైసెప్స్, ట్రైసెప్స్ (పై చేతి ముందు, వెనక కండరాలు): చెరి 2 సెట్లు, 10 నుంచి 12

పెద్ద వ్యాయామాల మధ్య రెండు మూడు నిమిషాలు విశ్రాంతి. ఊపిరి కుదుటపడకుండానే తర్వాతి సెట్‌కి దూకితే రెప్స్ తగ్గుతాయి, కండకి పడాల్సిన పని గుండెకి పడుతుంది. చిన్నవాటికి ఒకటి, ఒకటిన్నర నిమిషం. ఏడాది దాటాక ఎదుగుదల నెమ్మదిస్తే ఒక్కో కండరానికి వారానికి 10 సెట్లు, ఆపైన అవసరాన్ని బట్టి 20 దాకా పెంచుకుంటూ, వారాన్ని నాలుగు రోజులుగా, పైభాగం రెండు, కిందిభాగం రెండుగా విడగొట్టుకోవచ్చు. మొదటి రోజే 20 సెట్లతో మొదలుపెడితే తర్వాత పెంచడానికి ఏమీ మిగలదు.

ప్రతి సెట్ ఎంత కష్టంగా ఉండాలన్నదే చాలామందికి తెగని ప్రశ్న. సెట్ ఆపేటప్పుడు ఇంకో ఒకటి, రెండు, మహా అయితే మూడు రెప్స్ మాత్రమే మిగిలుండాలి. కొత్తవాళ్లు "ఇంకో రెండే వస్తాయి" అన్నప్పుడు నిజానికి ఐదారు మిగిలుంటాయి. దీన్ని సరిచేసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. లెగ్ కర్ల్ లాంటి, పడిపోయే ప్రమాదం లేని మెషిన్ మీద చివరి సెట్‌ని నిజంగా ఇక కదలనంత వరకు చేయండి. చివరి రెండు మూడు రెప్స్‌లో మీరెంత బలంగా తోసినా బరువు దానంతటదే నెమ్మదిగా కదులుతుంది. అలా వేగం పడిపోయే చోటుని గుర్తుపెట్టుకోండి. మిగతా సెట్లు ఆ చోటికి కాస్త ముందు ఆగాలి. స్క్వాట్, బెంచ్‌లలో పక్కన పట్టుకునే మనిషి గాని, సేఫ్టీ రాడ్లు గాని లేకుండా ఈ పరీక్ష చేయకండి.

బరువు పెంచే పద్ధతి నోటుబుక్కులో ఎలా కనిపిస్తుందో చూడండి. బెంచ్ ప్రెస్, 50 కిలోలు, లక్ష్యం మూడు సెట్లలోనూ 8.

మొదటి రోజు: 8, 7, 6.
రెండో రోజు: 8, 8, 6.
మూడో రోజు: 8, 8, 7.
నాలుగో రోజు: 8, 8, 8. ఇప్పుడు 52.5 కిలోలు.
ఐదో రోజు: 7, 6, 6. మళ్లీ 8, 8, 8 దాకా ఎక్కడం.

చూడ్డానికి ఏమీ లేనట్టుంటుంది గాని, పెరుగుదలంతా ఈ ఒక్కో రెప్‌లోనే ఉంది. అందుకే పుస్తకం రాయని మనిషి రెండు నెలలకే ఒకే బరువు దగ్గర ఆగిపోతాడు: పోయినసారి ఎన్ని కొట్టాడో గుర్తుండదు, ఇవాళ అంతకంటే ఒకటి ఎక్కువ కొట్టాలన్న పంతం రాదు. వారం వారం వ్యాయామాలు మార్చేసేవాళ్లదీ ఇదే గతి. ఒకే జాబితాని కనీసం 8 నుంచి 12 వారాలు లాగండి.

ఇంకో మోసం కనిపించకుండా జరుగుతుంది. బరువు పెరిగేకొద్దీ స్క్వాట్ లోతు తగ్గుతుంది, బెంచ్‌లో బార్ ఛాతీ దాకా రాదు, రో చేస్తుంటే నడుముతో ఊగడం మొదలవుతుంది. పుస్తకంలో అంకె పెరిగింది గాని కండ మోసిన పని పెరగలేదు. నెలకోసారి ఫోన్‌ని పక్కనుంచి పెట్టి వీడియో తీసుకుని పాత వీడియోతో పోల్చుకోండి. లోతు తగ్గిందనిపిస్తే 10 శాతం బరువు దించి మళ్లీ ఎక్కండి. సిగ్గుపడాల్సిందేమీ లేదు.

వామప్‌కి ఖాళీ బార్‌తో 10, పని బరువులో సగంతో 5, ముప్పావుతో 3 రెప్స్ సరిపోతాయి. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి, లేదా వరుసగా రెండు రోజులు రెప్స్ వెనక్కి పోతే, ఒక వారం సెట్లు సగం చేసుకుని తేలిగ్గా గడపండి. కీళ్లలో గుచ్చినట్టు నొప్పి వస్తే ఆ వ్యాయామం మార్చాలి, దాన్ని మొండిగా తొక్కుకుంటూ పోకూడదు.

నడక, పరుగు మానక్కర్లేదు. రోజుకి ఏడెనిమిది వేల అడుగులు నడిస్తే ఆకలి సక్రమంగా ఉంటుంది, సెట్ల మధ్య రొప్పు తగ్గుతుంది. మితిమీరితేనే ఇబ్బంది. హిక్సన్ అనే పరిశోధకుడు 1980లో చేసిన ప్రసిద్ధ ప్రయోగంలో బరువులతోపాటు తీవ్రంగా ఓర్పు వ్యాయామం (పరుగు, సైకిల్) కూడా చేసినవాళ్ల బలం కొన్ని వారాల తర్వాత పెరగడం ఆగి, వెనక్కి జారింది. వారానికి రెండు మూడుసార్లు 20, 30 నిమిషాల తేలికపాటి కార్డియోతో అలాంటి ఇబ్బంది రాదు. వీలైతే బరువుల తర్వాత గాని, వేరే రోజు గాని చేయండి. పొట్ట తగ్గడానికి రోజుకి వంద క్రంచెస్ కొట్టేవాళ్లకి మాత్రం నిరాశే: దానివల్ల పొట్ట కండ గట్టిపడుతుంది, దాని మీదున్న కొవ్వు ప్రత్యేకంగా అక్కడ్నించే కరగదు.

కాటా, టేపు ఏం చెబుతున్నాయి

రోజూ పొద్దున లేచి, టాయిలెట్‌కి వెళ్లొచ్చాక, ఏమీ తినక తాగక ముందు బరువు చూసుకోండి. ఒక్కరోజు అంకెకి విలువ లేదు. ఒక వారం ఇలా ఉందనుకోండి: 70.4, 69.9, 70.1, 70.8, 70.2, 70.0, 70.3. గురువారం 70.8 చూసి గాభరాపడి తిండి తగ్గించేవాళ్లుంటారు, ముందురోజు రాత్రి ఉప్పెక్కువ తిన్నారన్న సంగతి మరిచిపోయి. ఏడింటినీ కూడి ఏడుతో భాగిస్తే 70.24. ఇదే ఆ వారం బరువు. వచ్చే వారం సగటుని దీనితో పోల్చాలి.

మొదటి ఏడాదిలో ఉన్నవాళ్లకి నెలకి ఒంటి బరువులో ఒక శాతం, అటూ ఇటుగా, పెరగడం సరైన వేగం: 70 కిలోలకి 700 గ్రాముల నుంచి కిలో. రెండు మూడేళ్లు దాటినవాళ్లకి అర శాతం. ఆడవాళ్లకి కిలోల లెక్కలో ఇందులో సగం దగ్గర ఆశించాలి. వ్యాయామం మాత్రం అదే.

మొదటి రెండు వారాల్లో కిలో దాకా ఒక్కసారిగా ఎక్కితే కంగారు వద్దు. పిండి పదార్థాలు పెరగడంతో కండరాల్లో గ్లైకోజెన్ నిండుతుంది, గ్రాము గ్లైకోజెన్ తనతో సుమారు మూడు గ్రాముల నీళ్లు పట్టుకొస్తుంది. ఆ రెండు వారాల్ని లెక్కలోంచి తీసేసి మూడో వారం నుంచి చూడండి.

మూడు కొలతలు కలిపి చదవాలి: వారం సగటు బరువు, రెండు వారాలకోసారి నడుము కొలత, పుస్తకంలోని రెప్స్. బరువు అనుకున్నట్టే పెరుగుతూ, రెప్స్ పెరుగుతూ, నడుము నెలకి అర సెంటీమీటరు అటూ ఇటూ ఉంటే ఏమీ మార్చకండి. బరువు రెండు వారాలుగా కదలకపోతే రోజుకి 100 నుంచి 150 కేలరీలు కలపండి, అంతకంటే వద్దు. బరువు వేగంగా పెరిగి, నడుము నెలలో రెండు సెంటీమీటర్లు పెరిగితే 150 తగ్గించండి. ఇబ్బందిపెట్టేది నాలుగో పరిస్థితి: బరువు పెరుగుతోంది, నడుము పెరుగుతోంది, రెప్స్ మాత్రం కదలడంలేదు. అప్పుడు ముందు వెతకాల్సింది నిద్రలో, సెట్ల కష్టంలో. ఇంకా తింటే బలం వస్తుందేమో అని కంచం నింపితే సమస్య నడుము దగ్గర ఇంకాస్త పేరుకుంటుంది.

నిద్ర ఏడు నుంచి తొమ్మిది గంటలు. 2010లో వచ్చిన ఒక చిన్న ప్రయోగంలో తక్కువ కేలరీలు తింటున్నవాళ్లని కొన్నాళ్లు 8.5 గంటలు, కొన్నాళ్లు 5.5 గంటలు పడుకోనిచ్చారు. బరువు రెండుసార్లూ దాదాపు ఒకేలా తగ్గింది గాని, నిద్ర తగ్గినప్పుడు కొవ్వు తక్కువ, కొవ్వు కాని ఒంటి బరువు ఎక్కువ పోయింది. అది బరువు తగ్గేవాళ్ల మీద చేసిన ప్రయోగం, నిజమే; అయినా అర్ధరాత్రి దాకా ఫోన్ చూస్తూ ప్రోటీన్ గ్రాముల గురించి చర్చించేవాళ్లు దీన్నోసారి తలుచుకోవాలి.

డబ్బాలు, సూదులు

డబ్బాల్లో అమ్మేవాటిలో పనిచేస్తుందని గట్టి ఆధారమున్నది క్రియాటిన్ మోనోహైడ్రేట్ పొడి, కండరాలకి త్వరగా శక్తి అందించే పదార్థం. రోజుకి 3 నుంచి 5 గ్రాములు, ఏ సమయంలోనైనా. మొదట్లో 20 గ్రాముల చొప్పున ఐదారు రోజులు వేసుకోవడం తప్పనిసరి కాదు; రోజూ చిన్న మోతాదు వేసుకున్నా మూడు నాలుగు వారాల్లో అదే స్థాయికి చేరతారు. ఇది కండరాల్లో నీళ్లు చేర్చి కిలో దాకా బరువు పెంచుతుంది కాబట్టి, తిండి పెంచిన వారంలోనే దీన్నీ మొదలుపెడితే ఏది దేనివల్ల పెరిగిందో తెలియదు. నెల ఎడం ఇవ్వండి. రక్తపరీక్షలో కిడ్నీల పనితీరు చూసే క్రియాటినిన్ అంకె కొంచెం ఎక్కువ కనిపించొచ్చు, పరీక్షకి వెళ్తే వాడుతున్నట్టు డాక్టర్‌కి చెప్పండి. వే పొడి మందేమీ కాదు, పాలలోంచి తీసిన తిండే. భోజనంలో ప్రోటీన్ సరిపోతే దాని అవసరమే లేదు. మిగతా సీసాల్లో చాలావరకు మీ జేబు బరువు తగ్గించడానికే.

స్టెరాయిడ్ సూదులు, స్టెరాయిడ్ల లాంటి పనే చేసే, "సార్మ్స్" పేరుతో అమ్మే మందులు సహజంగా పెంచడం కిందికి రావు. స్టెరాయిడ్లు ఒంట్లో సొంత టెస్టోస్టెరాన్ తయారీని ఆపేస్తాయి, వృషణాలు కుంచించుకుపోతాయి, మంచి కొలెస్ట్రాల్ పడిపోతుంది. ఆరు వారాల్లో పది కిలోల కండ అని రాసి ఉన్న పొడిలో డబ్బా మీద రాయనిది ఏదో ఉందని అనుమానించడం ఆరోగ్యానికి మంచిది.

ఎప్పుడు ఆపాలి

ఎంత జాగ్రత్తగా చేసినా కొంత కొవ్వు వస్తుంది. మొదలుపెట్టిన రోజుకంటే నడుము నాలుగైదు సెంటీమీటర్లు పెరిగినప్పుడో, ఆరు నెలలు గడిచినప్పుడో, ఏది ముందొస్తే అప్పుడు పెంచడం ఆపండి. రెండు మూడు వారాలు బరువు నిలకడగా ఉండేంత తినండి. ఆ తర్వాత నాలుగు నుంచి ఆరు వారాలు చిన్న తగ్గింపు: వారానికి ఒంటి బరువులో అర శాతం, మహా అయితే 0.7. అంటే 74 కిలోల మనిషికి వారానికి 370 నుంచి 520 గ్రాములు. అందుకు రోజుకి 400 నుంచి 570 కేలరీలు కోయాల్సి వస్తుంది. కోత నూనె, పిండి పదార్థాల్లోంచి, ప్రోటీన్‌ని మాత్రం కిలోకి 2 నుంచి 2.2 గ్రాములకి పెంచి.

ఈ ఆరు వారాల్లో ఎక్కువమంది చేసే పొరపాటు, తేలిక బరువులతో ఎక్కువ రెప్స్ కొడితే కొవ్వు కరుగుతుందనుకుని డంబెల్స్ మార్చేయడం. కండ నిలవాలంటే దాన్ని పెంచిన బరువే దానిమీద ఉండాలి. బార్ మీద కిలోలు అలాగే ఉంచి, అలసట మితిమీరితే సెట్లలో మూడోవంతు తగ్గించండి. మొదటి వారం కిలో తగ్గితే అందులో చాలావరకు నీళ్లే, వేగం బాగుందని సంబరపడి ఇంకా కోయకండి. నడుము వెనక్కి రాగానే, కొత్త బరువుతో మిఫ్లిన్ లెక్క మళ్లీ మొదటి నుంచి వేసుకోండి. పాత 2,650 ఇప్పుడు ఆ మనిషిది కాదు.